కిరసనాయిలు ఒలికితే: ముందు పిల్లలు, తరువాత నేల

(ఆసుపత్రి ఆరోగ్య అవగాహన కార్యక్రమంలో రోగుల బంధువులకు ఒక నర్సు సిస్టరు ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది రాత్రంతా వార్డులో నిద్ర లేకుండా కూర్చున్నారు. అయినా ఈ అరగంట నా మాట వినడానికి వచ్చినందుకు సంతోషం. పెద్దవాళ్ళు దయచేసి కుర్చీల్లో కూర్చోండి. చంటిబిడ్డల తల్లులు ఫ్యాను కిందికి రండి.

ఈ రోజు మనం మాట్లాడుకునేది జ్వరం గురించి కాదు, షుగరు గురించి కాదు. బడిలో గాని, ఇంట్లో గాని కిరసనాయిలు, డీజిలు లాంటివి ఒలికిపోతే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది నేటి విషయం.

"ఇంకా కిరసనాయిలు ఎక్కడుంది సిస్టరమ్మా, అందరికీ గ్యాసు వచ్చిందిగా" అని మీరు అనవచ్చు. నిజమే. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకం వచ్చాక చాలా ఇళ్ళలో పొయ్యి మారింది. కాని మీ ఇంటి మూలల్లో ఒకసారి చూడండి. తడి కట్టెలు రాజెయ్యడానికి దాచిన సీసా ఉంటుంది. ఆయిల్ ఇంజనుకో, జనరేటరుకో తెచ్చిన డీజిలు క్యాను ఉంటుంది. మోటారు సైకిలు కోసం మంచినీళ్ళ సీసాలో పట్టి తెచ్చిన పెట్రోలు ఉంటుంది. బడికి, ఇంటికి రంగులు వేసినప్పుడు మిగిలిన థిన్నరు, టర్పెంటైను ఉంటాయి. ఇవన్నీ ఒకే కుటుంబంలోవి. వీటివల్ల వచ్చే ప్రమాదాలు కూడా దాదాపు ఒకలాంటివే.

ఒక బడిలో జరిగింది

కొన్నేళ్ళ క్రితం వానాకాలంలో మా ఆరోగ్య బృందం ఒక గ్రామంలోని ప్రాథమిక పాఠశాలకు పిల్లల బరువులు, కళ్ళు చూడడానికి వెళ్ళింది. ఊరి పేరు మనకు అవసరం లేదు. ఇలాంటిది ఏ ఊళ్ళోనైనా జరగవచ్చు. వంటకు కట్టెలు వాడేవారు. వానకు కట్టెలు తడిసి అంటుకోవడం లేదని 5 లీటర్ల క్యానుతో కిరసనాయిలు తెచ్చి, బియ్యం బస్తాల పక్కనే పెట్టారు. క్యానుకు మూత లేదు. కాగితం ఉండచుట్టి బిరడాలాగా పెట్టారు. మూడో తరగతి బాబు ఒకడు పళ్ళాలు తీసుకోవడానికి పరుగున వచ్చి దాన్ని తన్నాడు. నూనె బస్తా కిందికి, వరండాలోకి, అక్కడి నుంచి చేతి పంపు వైపు వెళ్ళే కాలువలోకి పారింది. ఆ బాబు అందులోనే జారి కూలబడ్డాడు.

ఆ క్షణంలో ఎవరికి తోచింది వారు చేయబోయారు. వంటమ్మ కడగడానికి బిందెతో నీళ్ళు తెచ్చింది. ఒక పెద్దాయన వాసన పోతుందని ఫ్యాను స్విచ్చు వెయ్యబోయాడు. ఐదో తరగతి పిల్లలు గోనె పట్టాలతో తుడవడానికి ఎగబడ్డారు. నూనెలో తడిసిన బాబును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. వాడు మాస్టారు కొడతారేమోనని గోడవారన నిలబడి ఉన్నాడు.

అందరూ మంచి మనసుతోనే కదిలారు. వరస మాత్రం తప్పింది. ఆ వరసే ఈ రోజు మీరు నేర్చుకుని వెళ్ళవలసింది. ముందు పిల్లలు, తరువాత నిప్పు, తరువాత నేల, చివరికి తిండి, నీళ్ళు.

మొదటిది పిల్లలు

నూనె ఒలికిన చోట నుంచి పిల్లలందరినీ గాలి తగిలే చోటికి పంపండి. తుడిచే పని పిల్లలకు ఎప్పుడూ చెప్పకండి. ఎవరి బట్టలు తడిశాయో చూడండి. తడిసిన బట్టలు వెంటనే విప్పించి, సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో ఒళ్ళు కడగండి.

ఆ బాబు నాయనమ్మ వచ్చి "ఎండకు అదే ఆరిపోతుంది గదమ్మా, అందరిలో లాగు విప్పించడం ఎందుకు" అంది. ఆమె బాధ అర్థం చేసుకోదగ్గదే. కాని కిరసనాయిలు చర్మంలోని జిడ్డును లాగేస్తుంది. తడి బట్ట ఒంటికి అంటుకుని గంటల తరబడి ఉంటే చర్మం ఎర్రబడి మంట పుడుతుంది, నిప్పు కాలినట్టు బొబ్బలు కూడా వస్తాయి. తొడలు, పిరుదులు, చంకలు సున్నితమైన చోట్లు. నాయనమ్మే తన కొంగు అడ్డం పట్టింది. ఇద్దరం కలిసి వాడికి అక్కడే స్నానం చేయించాం. బొబ్బలు రాలేదు.

కంట్లో పడితే నలపనివ్వకండి. రెప్పలు తెరిచి పట్టుకుని మంచినీళ్ళు ధారగా 15 నుంచి 20 నిమిషాలు పొయ్యండి. తరువాత డాక్టరుకు చూపించండి. తడిసిన బట్టలను పొయ్యి దగ్గర ఆరెయ్యవద్దు. ఆరుబయట వాసన పోయేదాకా ఆరనిచ్చి, వేరుగా ఉతకండి.

రెండవది నిప్పు

కిరసనాయిలు నీళ్ళలాంటిది కాదు. అది కొంచెం వేడెక్కితే చాలు, అంటుకోగల ఆవిరి వదులుతుంది. ఆ వేడి సుమారు 38 డిగ్రీలు. మే నెలలో రెంటచింతల, కొత్తగూడెం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయని మీకు తెలుసు. అంటే మన ఎండలే చాలు. పెట్రోలుకు ఆ వేడి కూడా అక్కరలేదు, చలికాలంలో కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. ఈ ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోకుండా నేలబారుగా పాకుతుంది. అందుకే దూరంగా ఉన్న పొయ్యి కూడా దాన్ని అందుకోగలదు.

కనుక తలుపులు, కిటికీలు తెరవండి. ఫ్యాను, లైటు స్విచ్చులు వెయ్యవద్దు, ఆర్పవద్దు. స్విచ్చులో వచ్చే చిన్న మెరుపు చాలు. బీడీ, అగ్గిపెట్టె దగ్గరికి రానివ్వకండి. నూనె మండుతున్న పొయ్యి వైపు పారుతున్నా, ఒలికింది పెట్రోలు అయినా, శుభ్రం చెయ్యడం మన పని కాదు. పిల్లలతో బయటికి వచ్చి 101కి గాని 112కి గాని ఫోను చెయ్యండి. మండుతున్న నూనె మీద నీళ్ళు పోస్తే, నూనె నీటి మీద తేలి మంటను ఇంకా దూరం తీసుకుపోతుంది. చిన్న మంట అయితే ఇసుక చల్లాలి.

మూడవది నేల

నీళ్ళు పోసి కడగడం మనకు అలవాటు. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. నూనె నీళ్ళలో కలవదు, తేలుతుంది. ఒక బిందె నీళ్ళు పోస్తే ఒక గదిలో ఉన్న నూనె నాలుగు గదులకు, కాలువకు, బావికి చేరుతుంది. అందుచేత ముందు పీల్చుకునే వస్తువు కావాలి. పొడి ఇసుక, పొడి మట్టి, పూర్తిగా చల్లారిన బూడిద, ఊక, రంపపు పొట్టు ఏది దొరికితే అది వాడవచ్చు.

1. నూనె పారుతున్న వైపు ముందుగా ఇసుకతో చిన్న కట్ట వెయ్యండి. ముఖ్యంగా కాలువకు, చేతి పంపుకు, బావికి అడ్డంగా.

2. అంచుల నుంచి మధ్యకు ఇసుక చల్లుతూ రండి. అరగంట పీల్చుకోనివ్వండి.

3. చేతులకు రబ్బరు తొడుగులు గాని, అవి లేకపోతే మందమైన ప్లాస్టిక్ సంచులు గాని తొడుక్కుని, చీపురుతో, చేటతో ఎత్తి మూత ఉన్న ఇనుప డబ్బాలో వెయ్యండి.

4. మళ్ళీ కొత్త ఇసుక చల్లి ఇంకోసారి ఎత్తండి.

5. ఇదంతా అయ్యాకే సబ్బు పొడి చల్లి, కొద్ది నీళ్ళతో బ్రష్షు పెట్టి రుద్ది, ఆ నీళ్ళను కూడా గుడ్డతో ఎత్తండి.

6. మట్టి నేల అయితే నూనె ఇంకిన మేరకు మట్టిని తవ్వి తీసి, కొత్త మట్టి వెయ్యండి.

ఎత్తిన ఇసుకను తగలబెట్టకండి. చెరువులో, కాలువలో, పెంటకుప్పలో పారెయ్యకండి. పంచాయతీ కార్యదర్శికి చెప్పి, వారు చూపించిన చోటికి చేర్చండి.

గది మళ్ళీ ఎప్పుడు వాడుకోవచ్చు? వాసన పూర్తిగా పోయాకే. ఇక్కడ ఒక సంగతి గమనించండి. లోపలే తిరుగుతున్నవారి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. కనుక బయట నుంచి వచ్చిన మనిషిని పిలిచి చూడమనండి. వాసన ఉందని వారంటే, ఉన్నట్టే. అంతవరకు పిల్లలను చెట్టు కిందో, వేరే గదిలోనో కూర్చోబెట్టాలి. ఆ వాసనకు తలనొప్పి, కళ్ళ మంట, వికారం, మగత రావచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం పెరుగుతుంది.

నాలుగవది తిండి

ఆ బడిలో అన్నిటికన్నా కష్టమైన మాట ఇక్కడే వచ్చింది. బస్తా అడుగు తడిసింది. వంటమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని "సిస్టరమ్మా, 50 కేజీల బియ్యం పారబోస్తే రేపు పిల్లలకు ఏం పెట్టాలి? పైన ఉన్నవి బాగానే ఉన్నాయి, నాలుగు సార్లు కడిగి ఎండలో పోస్తాను" అంది.

ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడుల్లో మధ్యాహ్న భోజనం వండి పెడుతున్నారు. చాలామంది బిడ్డలకు రోజులో అదే కడుపు నిండిన తిండి. అయినా జవాబు ఒక్కటే. కిరసనాయిలు తగిలిన బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు ఏదైనా సరే తినకూడదు. గింజ నూనెను పీల్చుకుంటుంది. కడిగితే పోదు, ఉడికిస్తే పోదు. గోనె సంచిలో నూనె ఎంత పైకి పాకిందో కంటికి కనబడదు. పశువులకు, కోళ్ళకు పెట్టినా మంచిది కాదు.

ఆ రోజు హెడ్మాస్టరు గారు ఆ బస్తాను వేరు చేయించి, జరిగింది రాసి మండల విద్యాశాఖకు పంపారు. కొత్త బియ్యం వచ్చేవరకు ఊళ్ళో ఇంటికి రెండు గిద్దెల చొప్పున పోగు చేసి పిల్లలకు వండారు. వంటమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇది చాలా ముఖ్యం. తప్పు చెప్పినవారిని తిడితే, తరువాతి సారి ఎవరూ చెప్పరు. దాచిపెట్టి వండేస్తారు.

దాచిపెట్టినా, పట్టించుకోకపోయినా ఏం జరుగుతుందో ఈ దేశం ఒకసారి చూసింది. 2013 జూలై 16న బీహారులోని సారన్ జిల్లాలో ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. అది కిరసనాయిలు కాదు, మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. అది వంటకు వాడిన నూనెలో ఉందని పరీక్షలో తేలింది. నూనె వాసన తేడాగా ఉందని వంటామె చెప్పినట్టు అప్పటి పత్రికల్లో వచ్చింది. కనుక వండే మనిషి "వాసన వేరుగా ఉంది" అంటే, ఆ మాటను డాక్టరు రిపోర్టంత గౌరవంగా తీసుకోండి. పొయ్యి ఆపండి.

ఐదవది నీళ్ళు

బావి నీటి మీద రంగురంగుల పొర కనబడినా, కిరసనాయిలు వాసన వచ్చినా ఆ నీళ్ళు తాగవద్దు, వండవద్దు. పొర పైనే ఉంది గదా, కింది నీళ్ళు తోడుకుందామని అనుకోకండి. బ్లీచింగ్ పౌడరు క్రిములను చంపుతుంది, నూనెను తొలగించదు. కాచినా లాభం లేదు, పైగా నూనె ఉన్న నీటిని పొయ్యి మీద పెట్టడం ప్రమాదం. బావికి గాని పంపుకు గాని ఎర్ర గుడ్డ కట్టి, పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా వారికి చెప్పి పరీక్ష చేయించండి. అంతవరకు వేరే చోటి నుంచి నీళ్ళు తెచ్చుకోండి.

మింగితే ఏం చెయ్యాలి

ఇప్పుడు చెప్పేది దయచేసి అందరూ జాగ్రత్తగా వినండి. పిల్లల వార్డుకు కిరసనాయిలు తాగిన బిడ్డలు ఎక్కువగా ఎండాకాలంలో వస్తారు. వయసు చాలావరకు ఏడాది నుంచి మూడేళ్ళు. దాహం వేస్తుంది, నీళ్ళ సీసాలాంటి సీసా కనబడుతుంది, ఎత్తుతారు. ఒక్క గుక్కే తాగుతారు.

ఆ ఒక్క గుక్క కడుపులో ఉంటే పెద్దగా హాని చెయ్యకపోవచ్చు. అది ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రాణం మీదికి వస్తుంది. కిరసనాయిలు చాలా పల్చన. కొన్ని చుక్కలు గాలి గొట్టంలోకి జారినా ఊపిరితిత్తుల నిండా పరుచుకుని, అక్కడ వాపు తెస్తుంది. దాన్ని మేము రసాయన న్యుమోనియా అంటాము. ఇప్పుడు ఆలోచించండి. బిడ్డ చేత వాంతి చేయిస్తే ఏమవుతుంది? కడుపులో ఉన్న నూనె మళ్ళీ గొంతు దాకా వస్తుంది. వచ్చేటప్పుడు కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రేమతో వేసిన వేలే బిడ్డకు ప్రమాదం తెస్తుంది.

అందుచేత,

- గొంతులో వేలు పెట్టకండి. ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు, సబ్బు నీళ్ళు, పచ్చి గుడ్డు, కొబ్బరినూనె ఏదీ పట్టించకండి.
- తలకిందులుగా పట్టుకుని తట్టకండి.
- నోరు తడిగుడ్డతో తుడవండి. నూనె పడిన బట్టలు మార్చండి, ఒళ్ళు సబ్బుతో కడగండి.
- తనంతట తానే వాంతి చేసుకుంటే, బిడ్డను పక్కకు తిప్పి, తల కొంచెం కిందికి ఉండేలా పట్టుకోండి.
- 108కి ఫోను చేసి ఆసుపత్రికి రండి. బిడ్డ తాగిన సీసాను మూతపెట్టి వెంట తీసుకురండి. లోపల ఏముందో డాక్టరు గారికి తెలియాలి.
- దారిలో సలహా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. ఈ ఫోనుకు డబ్బు పడదు.

బిడ్డ నవ్వుతూ ఆడుకుంటున్నా ఆసుపత్రికి రావలసిందే. లక్షణాలు కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు. కనీసం 6 గంటలు మా కళ్ళ ముందు ఉండాలి. దగ్గు, పొలమారడం, ఎగశ్వాస, మూలుగు, పక్కటెముకలు లోపలికి పోవడం, పెదవులు నీలంగా మారడం, మగత, జ్వరం ఇవి ప్రమాద సూచనలు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ళ బిడ్డకు నిమిషానికి 40 గాని అంతకు మించి గాని ఉంటే అది వేగమైన ఊపిరి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50.

ఇక్కడికి వచ్చాక "కడుపు కడగరేమిటి, ఇంజెక్షను వెయ్యరేమిటి" అని బంధువులు మా మీద కోప్పడతారు. కడుపు కడిగితే కూడా అదే ప్రమాదం ఉంది కనుక మామూలుగా కడగరు. దీనికి విరుగుడు మందు లేదు. అవసరమైతే ఆక్సిజన్ పెడతారు, ఎక్స్‌రే తీస్తారు, ఊపిరిని గమనిస్తారు. మేము గంట గంటకూ వచ్చి ఊపిరి లెక్కపెట్టడమే అక్కడ వైద్యం. చాలామంది బిడ్డలు ఇలాగే కోలుకుని ఇంటికి వెళ్తారు.

పురుగుమందు మాత్రం వేరు. దానికి చికిత్స వేరు, తొందర ఇంకా ఎక్కువ. అందుకే సీసా తెమ్మని చెప్పాను.

మీరు అడిగిన ప్రశ్నలు

"పాలు పట్టిస్తే విరిగిపోతుందంటారు, నిజమేనా?" కాదమ్మా. పాలు దాన్ని విరగ్గొట్టవు. కడుపు నిండితే వాంతి అయ్యే అవకాశమే పెరుగుతుంది.

"నోట్లో వాసన మాత్రమే వస్తోంది, తాగాడో లేదో తెలియదు. తీసుకురావాలా?" తీసుకురండి. చూసి పంపిస్తాం. ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

"బడిలో ఇలాంటివి అసలు పెట్టకూడదా?" వంటకు గ్యాసు ఉంటే కిరసనాయిలు అవసరం లేదు. తప్పనిసరిగా ఉంచాలంటే గట్టి మూత ఉన్న డబ్బాలో, పేరు రాసి, బియ్యానికి, పొయ్యికి, నీళ్ళకు దూరంగా, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టాలి. పక్కనే ఒక బకెట్టు నిండా పొడి ఇసుక ఉండాలి. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో మీరు ఈ ఒక్క విషయం అడగండి.

చివరిగా మీ అందరికీ ఒక పని. మీ రోగిని ఇంటికి తీసుకువెళ్ళిన రోజు సాయంత్రమే తలుపు వెనక, స్టవ్వు కింద, పశువుల కొట్టంలో వెతకండి. మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో, మందు సీసాలో పోసి ఉంచిన నూనె ఏదైనా ఉంటే దాన్ని సరైన డబ్బాలోకి మార్చి, పేరు రాసి, ఎత్తుగా పెట్టండి. ఖాళీ సీసాను మళ్ళీ నీళ్ళకు వాడకుండా నలిపి పారెయ్యండి. చదువు రానివారు డబ్బాకు ఎర్ర దారం కట్టండి. ఎర్ర దారం ఉంటే ముట్టకూడదని పిల్లలకు నేర్పండి.

సందేహాలు ఉంటే మీ వార్డులో ఉన్న సిస్టరును అడగండి.  మీ రోగులు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను.